పిల్లపురుగు పేరేమి? — వేరుశనగ చేను చెప్పే చరిత్ర

మామిడి టెంకను చేతిలో పెట్టి, ఇది ఏ రకపు చెట్టు కాగలదో చెప్పమంటే ఎంతటి అనుభవం గల తోటమాలి అయినా తడబడతాడు. అదే టెంక మొలిచి, కొమ్మలు వేసి, కాయ కాచిన తర్వాత అది బేనీషానో, తోతాపురియో చిత్తూరు సీమలో చిన్నపిల్లవాడు కూడ చెప్పగలడు. కీటకాల విషయంలో ఈ చిక్కు ఇంకా పెద్దది. మామిడి కాయ కాచేదాకా రైతు ఆగగలడు. చేనిలో పడిన పురుగు పెరిగి పెద్దదయ్యేదాకా ఆగితే చేనే మిగలదు. పంటను తినేది చాలావరకు పిల్లపురుగు. శాస్త్రం పేరు పెట్టినది మాత్రం పెద్దపురుగుకు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో వానమీద ఆధారపడి పండే పంటలలో వేరుశనగ ముఖ్యమైనది. దాని ఆకును గొంగళి తింటుంది. వేరును మట్టిలో ఉండే తెల్లని పురుగు కొరుకుతుంది. మొవ్వులో కంటికి ఆనని తామరపురుగు దాగి ఉంటుంది. ఈ మూడింటి చరిత్రను పరిశీలిస్తే, దగ్గరి చుట్టాలయిన జాతులను పసితనంలో వేరుచేయడం ఎందుకు కష్టమో, ఆ కష్టం రైతుకు ఎంత ఖరీదయినదో మనకు బోధపడుతుంది.

పేర్లు పెద్దవాటికే ఎందుకు వచ్చాయి?

జంతువులకు రెండు మాటల శాస్త్రీయనామం పెట్టే పద్ధతి 1758లో స్వీడను దేశస్థుడైన లిన్నేయసు ప్రకటించిన గ్రంథంతో స్థిరపడింది. ఆయన కీటకాలను వర్గాలుగా విభజించినప్పుడు రెక్కలను ముఖ్యలక్షణంగా తీసుకున్నాడు. కోలియోప్టెరా, లెపిడోప్టెరా, డిప్టెరా అనే పేర్లలోని ‘ప్టెరా’ అన్న గ్రీకు మాటకు రెక్క అని అర్థం. పెంకువంటి రెక్కలు గలవి ఒక వర్గం, పొలుసుల రెక్కలు గలవి ఒకటి, రెండే రెక్కలు గలవి మరొకటి. అయితే గొంగళికి రెక్కలేవి? ఈగపిల్లకు రెక్కలేవి? ఈ విధంగా వర్గీకరణ పుట్టిన నాడే పిల్లపురుగు దాని పరిధికి వెలుపల నిలిచిపోయింది.

దీనికి మరొక కారణం కూడ తోడయింది. ఆ రోజులలో దూరదేశాల కీటకాలు ఓడలమీద ఐరోపాకు చేరేవి. లిన్నేయసు శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడికి వచ్చి, దక్షిణదేశంలో మొక్కలను, కీటకాలను సేకరించాడు. ఆయన 1785లో కాకినాడలోని జగన్నాథపురంలో మరణించాడు. ఇట్టి సేకర్తలు పంపిన కీటకాలకు ఐరోపాలో లిన్నేయసు మరొక శిష్యుడు ఫాబ్రీషియస్ మొదలయినవారు పేర్లు పెట్టారు. పెంకుపురుగునో, సీతాకోకచిలుకనో ఎండబెట్టి సూదికి గుచ్చితే సంవత్సరాల తరబడి చెక్కుచెదరదు. గొంగళిని ఎండబెడితే ముడుచుకుపోయి, రంగు మారి, గుర్తు పట్టరాకుండా పోతుంది. అందువల్ల మ్యూజియముల పెట్టెలు పెద్దపురుగులతోనే నిండాయి.

మూడవ కారణం అన్నిటికంటె లోతైనది. ఒకే ప్రజాతికి చెందిన రెండు జాతులు రంగులోను, పరిమాణంలోను ఒకే తీరుగా ఉన్నా, మగపురుగు జననాంగాల నిర్మాణంలో తరచు స్పష్టమైన తేడా కనబడుతుంది. రెండు జాతులు వేరని తేల్చడానికి కీటకశాస్త్రజ్ఞులు చివరకు ఆశ్రయించేది ఈ తేడానే. పిల్లపురుగులో ఆ అవయవాలు ఇంకా రూపొందవు. అంటే, దగ్గరి జాతులను విడదీసే తాళపుచెవి పిల్లపురుగు దేహంలో ఇంకా తయారు కాలేదన్నమాట.

పైగా పిల్లపురుగు రూపం నిలకడగా ఉండదు. అది కుబుసం విడిచినప్పుడల్లా రంగు, చారలు, వెంట్రుకలు మారుతుంటాయి. ఒకే జాతికి చెందిన రెండు దశలు వేరువేరు జాతులుగా కనబడవచ్చును. వేరువేరు జాతుల తొలిదశలు ఒకే జాతిగా కనబడవచ్చును. ఒకే పనిచేస్తూ, ఒకే ఆకుమీద, ఒకే శత్రువులమధ్య బ్రతికే పిల్లలకు తేడాగా ఉండవలసిన అవసరం తక్కువ. జత వెదుక్కోవలసిన పెద్దవాటికే తమ జాతిని వేరుగా చూపుకోవలసిన అవసరం ఎక్కువ.

సికిందరాబాదు దోమపిల్లలు

ఈ చిక్కును దాటే పాతదారి ఒకటి ఉన్నది. పిల్లపురుగును పెంచి, పెద్దది అయిన తర్వాత పేరు తెలుసుకోవడమే ఆ దారి. దీని బలాన్ని లోకానికంతటికి చాటిన సంఘటన మన తెలుగునేలమీదనే జరిగింది. 1897లో సికిందరాబాదులో ఉన్న సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ మలేరియాను మోసే దోమ కోసం వెదకుతున్నాడు. ఆయన సహాయకులు నీటిగుంటలనుంచి దోమపిల్లలను సీసాలలో తెచ్చేవారు. ఆగస్టు నెలలో వాటినుంచి, అంతకుముందు ఆయన ఎక్కువగా పరీక్షించిన రకాలకు భిన్నంగా, రెక్కలమీద మచ్చలు గల దోమలు వెలువడ్డాయి. ఆగస్టు 16న వాటిచేత ఒక మలేరియా రోగిని కుట్టించాడు. 20వ తేదీన ఒక దోమ కడుపుగోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అప్పటికి ఆయనకు ఆ దోమ శాస్త్రీయనామం తెలియదు. మచ్చలరెక్కల దోమ అని మాత్రమే వ్రాసుకున్నాడు. పిల్లలనుంచి పెంచిన దోమలు గనుక, అవి అంతకుముందు మరెవరి రక్తమూ త్రాగలేదన్నది మాత్రం ఆయనకు నిశ్చయం.

దోమపిల్లను చూచి ప్రజాతిని చెప్పడం సులభమే. అనాఫిలిస్ పిల్ల నీటి ఉపరితలానికి సమాంతరంగా పడుకొని ఉంటుంది. క్యూలెక్స్ పిల్ల తలక్రిందులుగా ఏటవాలుగా వ్రేలాడుతుంది. ఇది ఉన్నత పాఠశాల విద్యార్థి కూడ ఒక గాజుగ్లాసులో చూడగల విషయం. కాని అనాఫిలిస్‌లో ఇది ఏ జాతి అన్న ప్రశ్న వచ్చేసరికి సూక్ష్మదర్శిని క్రింద వెంట్రుకల కొమ్మలను లెక్కపెట్టవలసి వస్తుంది. అంతటితోను ఆగదు. మన పల్లెలలో మలేరియాను మోసే అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ అనే దోమ ఒకే జాతి కాదని 1980లో క్రోమోసోముల పరిశీలనవల్ల మొదట తెలిసింది. ఆ పేరుక్రింద ఎ, బి, సి, డి, ఇ అని అయిదు సోదర జాతులు ఉన్నట్లు తర్వాత తేలింది. వాటిలో ‘బి’ మలేరియాను మోయడంలో బలహీనమైనది. పెద్దదోమలు కూడ బయటికి ఒకే తీరుగా ఉంటాయి. పెద్దవాటిలోనే తేడా కనబడనప్పుడు పిల్లలలో దాని కోసం కంటితో వెదకడం వ్యర్థమే.

ఎర్రగొంగళి: ఒక చార తేడా

ఇక వేరుశనగ చేనిలోకి వద్దాం. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అప్పుడది మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ రాష్ట్రపు కీటక పరిశోధనకు కోయంబత్తూరు కేంద్రం. అక్కడ పనిచేసిన బైన్‌బ్రిగ్ ఫ్లెచర్ దక్షిణభారత కీటకాలమీద వ్రాసిన పెద్దగ్రంథం 1914లో వెలువడింది. తర్వాత టి.వి. రామకృష్ణ అయ్యరుగారు దక్షిణభారత వ్యావసాయిక కీటకశాస్త్రంమీద వ్రాసిన గ్రంథం 1940లో వచ్చింది. పెద్దపురుగుతోపాటు దాని గ్రుడ్డును, పిల్లను, ప్యూపాను, అది తినే మొక్కను కలిపి చెప్పే సంప్రదాయం మన దేశంలో ఇట్టి గ్రంథాలతో బలపడింది.

ఇట్లా జతకూర్చిన సమాచారంవల్లనే, వేరుశనగను తినే ఎర్రగొంగళి ఒకటి కాదు రెండు అని తెలిసింది. ఒకటి ఆమ్సాక్టా ఆల్బిస్ట్రైగా, రెండవది ఆమ్సాక్టా మూరీ. తొలకరి వానలు పడగానే భూమిలో నెలల తరబడి నిద్రించిన ప్యూపాలనుంచి రెక్కలపురుగులు ఒక్కసారిగా వెలువడతాయి. ఆకుల అడుగున గుంపులుగా గ్రుడ్లు పెడతాయి. గ్రుడ్లనుంచి వచ్చిన చిన్నపిల్లలు ఆకుపచ్చని పదార్థాన్ని గీకి తింటాయి. పెరిగినకొద్దీ ఒళ్ళంతా ఎర్రని, గోధుమవర్ణపు వెంట్రుకలు వచ్చి, గుంపులుగా ఒక చేనునుంచి మరొక చేనుకు సాగిపోతాయి. గొంగళి దశలో ఈ రెండు జాతులను విడదీయడం కష్టం. రెక్కలు వచ్చిన తర్వాత ముందు రెక్క అంచున ఉన్న చారను చూస్తే చాలు. ఆల్బిస్ట్రైగాకు పసుపుచార, మూరీకి ఎర్రచార.

మరి ఈ తేడా రైతుకు ఎందుకు? సామూహికంగా దీపపు ఎరలు పెట్టడం, గ్రుడ్లగుంపులను ఏరివేయడం, చేనుచుట్టూ కందకం తీయడం వంటి పనులు రెండింటికీ ఒకటే. ఇక్కడ పేరు తప్పినా పంటకు పెద్ద నష్టం లేదు. కాని పురుగుకు వ్యాధి కలిగించే వైరసులతో దానిని అదుపుచేయాలనుకున్నప్పుడు పరిస్థితి మారుతుంది. ఇట్టి వైరసులు చాలావరకు తమకు అలవాటయిన జాతిమీదనే బాగా పనిచేస్తాయి. మూరీ గొంగళినుంచి వేరుచేసిన ఒక వైరసు శాస్త్రలోకంలో ఎంతో ప్రసిద్ధి పొందింది. 2000లో దాని జన్యుపదార్థపు క్రమమంతా ప్రకటించారు. మందు నిర్దిష్టమయ్యేకొద్దీ పేరు కూడ నిర్దిష్టం కావలసి ఉంటుంది.

వేరుపురుగు: మట్టిలో దాగిన పోలిక

రెండవది వేరుపురుగు. ఇది పెంకుపురుగు పిల్ల. తెల్లని ఒళ్ళు, గోధుమరంగు తల, చంద్రవంకవలె వంగిన దేహం దీని లక్షణాలు. వానలు పడిన తర్వాత తల్లిపురుగులు సాయంకాలం మట్టినుంచి బయటికి వచ్చి వేప మొదలయిన చెట్ల ఆకులు తిని, తిరిగి మట్టిలో గ్రుడ్లు పెడతాయి. పిల్లలు వేళ్ళు కొరుకుతాయి. పచ్చని చేనిలో అక్కడొక మొక్క, ఇక్కడొక మొక్క వాడిపోతుంది. పట్టి లాగితే వేరులేని మొక్క చేతికి వస్తుంది.

ఈ పిల్లలను గుర్తించడానికి శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం కనిపెట్టారు. దేహపు చివరి ఖండం అడుగున ముళ్ళవంటి చిన్న వెంట్రుకలు ఒక క్రమంలో అమరి ఉంటాయి. ఆ అమరిక సమూహాన్నిబట్టి మారుతుంది. చేతికటకంతో చూచి ఇది హోలోట్రైకియా ప్రజాతి అని చెప్పడానికి ఇది సాయపడుతుంది. కాని ఆ ప్రజాతిలోని దగ్గరి జాతులు ఈ గుర్తును కూడ పంచుకుంటాయి. దక్షిణభారతంలోని వేరుశనగ పొలాలలో 1990 దశకంలో జరిగిన సర్వేలలో హోలోట్రైకియా రెనాడి, హోలోట్రైకియా సెర్రాటా అనే రెండు జాతులు ముఖ్యమైనవిగా తేలాయి. పిల్లలను తవ్వితీసి లెక్కపెట్టినా, పేరు నిర్ధారించడానికి పెద్దపురుగుల జననాంగాలే ఆధారం.

వాసననుబట్టి జాతులను విడదీయవచ్చునా అన్న ఆలోచన కూడ కలుగుతుంది. ఆడపురుగు మగపురుగును పిలవడానికి వెదజల్లే పదార్థం చాలా కీటకాలలో జాతికొక తీరున ఉంటుంది. అయితే ఉత్తరభారతంలో వేరుశనగను పాడుచేసే హోలోట్రైకియా కన్సాంగ్వినియాలో ఆ పదార్థం అనిసోల్ అని 1996లోను, మన రెనాడిలో కూడ అదే అనిసోల్ అని 2002లోను కనుగొన్నారు. చుట్టరికం ఎంత దగ్గరిదో దీనినిబట్టి ఊహించవచ్చును. కన్ను విడదీయలేని చోట ముక్కు కూడ విడదీయలేకపోయింది.

మొవ్వుకుళ్ళు: పేరు మారితే వైద్యం మారింది

ఇక తామరపురుగు కథ. పై రెండింటికంటె ఇది చిన్నది; దీని పాఠం మాత్రం పెద్దది. పెద్ద తామరపురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. ఆకుకణజాలంలో గ్రుడ్డు పెడుతుంది. గ్రుడ్డునుంచి వచ్చిన పిల్ల రెండు దశలలో ఆకురసం పీల్చి, తర్వాత ఆహారం మాని, చాలావరకు మట్టిలో రెండు నిద్రావస్థలు గడిపి, రెక్కలతో పైకి వస్తుంది.

మన సీమ రైతు మొవ్వుకుళ్ళు అని పిలిచే తెగులు వేరుశనగను చాలాకాలంగా పీడిస్తున్నది. లేత ఆకులమీద వలయాలవంటి పసుపుమచ్చలు వస్తాయి. కొన మొవ్వు ఎండి కుళ్ళుతుంది. తర్వాత ప్రక్కలనుంచి పొట్టి కొమ్మలు గుబురుగా లేచి మొక్క గిడసబారుతుంది. కాయలు తగ్గుతాయి, గింజలు ముడుచుకుంటాయి. 1972లో పటాన్‌చెరువులో స్థాపించబడిన ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో ఈ తెగులుమీద విస్తృతంగా పరిశోధన జరిగింది. ఇది వైరసువల్ల వస్తుందని, ఆ వైరసు టమాటా మచ్చల వాడుతెగులు కలిగించే వైరసేనని 1979లో ప్రకటించారు. దానిని మోసేవి స్కిర్టోత్రిప్స్ డార్సాలిస్, ఫ్రాంక్లినియెల్లా షుల్ట్సై అనే రెండు తామరపురుగులని 1981లో ప్రకటించారు.

స్కిర్టోత్రిప్స్ డార్సాలిస్ మన దక్షిణదేశానికి పాత పరిచయమే. కోయంబత్తూరునుంచి వెళ్ళిన నమూనాలనుబట్టి అమెరికా శాస్త్రజ్ఞుడు హుడ్ 1919లో దానికి ఆ పేరు పెట్టాడు. మిరపలో ఆకుముడత కలిగించేది ఇదే.

ఇక్కడ తామరపురుగుకు, ఈ వైరసుల జాతికి గల సంబంధంలోని ఒక వింతను తెలుసుకోవాలి. ఆస్ట్రేలియాలో బాల్డ్, శామ్యూల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1931లో దీనిని నిరూపించారు. పిల్లదశలో రోగపుమొక్క రసం త్రాగిన పురుగు మాత్రమే వైరసును మోయగలదు. పెద్దదయిన తర్వాత మొదటిసారిగా రోగపుమొక్కను పీల్చినా అది వాహకం కాలేదు. పిల్లదశలో ప్రవేశించిన వైరసు పురుగు దేహంలోనే వృద్ధిపొంది, రెక్కలు వచ్చిన తర్వాత ఆ పురుగు బ్రతికినంతకాలం మొక్కమొక్కకు ప్రాకుతుంది. తల్లినుంచి గ్రుడ్డుకు మాత్రం పోదు. కాబట్టి ప్రతి తరంలోను రోగాన్ని అంటించుకునేది పిల్ల, అంటించేది పెద్దది.

దీనివల్ల పరిశోధకునికి కలిగే ఇబ్బంది ఊహించండి. ఏ జాతి ఈ రోగాన్ని మోస్తున్నదో తెలియాలంటే పిల్లలతో ప్రయోగం మొదలుపెట్టాలి. కాని చేనినుంచి ఏరితెచ్చిన పిల్లలలో ఎన్ని జాతులు కలిసి ఉన్నవో చెప్పడం ఎట్లా? పెద్ద తామరపురుగులో జాతిని గుర్తించడానికి తలమీది సరళనేత్రాల చుట్టూ ఉన్న వెంట్రుకల స్థానం, స్పర్శశృంగాలలోని ఖండాల సంఖ్య, రెక్కల ఈనెలమీది వెంట్రుకల వరుస, ఉదరపు ఎనిమిదవ ఖండంమీది దువ్వెనవంటి అంచు మొదలయినవి ఆధారాలు. పిల్లకు రెక్కలు లేవు, సరళనేత్రాలు లేవు, స్పర్శశృంగాల ఖండాలు తక్కువ. పచ్చని నలుసువలె ఉన్న ఆ దేహంమీద మిగిలేవి కొద్దిపాటి వెంట్రుకలు మాత్రమే. ఇంగ్లండులో స్పేయర్, పార్ అనేవారు 1941లో కొన్ని జాతుల పిల్లల నిర్మాణాన్ని వర్ణించారు. పడమటి ఐరోపా తదితర ప్రాంతాల పిల్లలను రెండవ దశలో గుర్తించడానికి విస్తృతమైన సూచిక 2010లో గాని రాలేదు. కనుక ప్రయోగశాలలో ఒక్క తల్లిని వేరుచేసి, దాని సంతానాన్నే పెంచి, చివరకు తల్లిని సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించి పేరు నిర్ణయించడమే నమ్మదగిన పద్ధతి.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో 1990లో బయటపడింది. ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు డి.వి.ఆర్. రెడ్డి, జాన్ వైట్‌మన్, జి.వి. రంగారావుగార్లు, తామరపురుగుల వర్గీకరణలో నిపుణురాలయిన జేన్ పామర్‌తో కలిసి వేరుశనగమీది తామరపురుగులను తిరిగి పరిశీలించి క్రొత్త సమాచారం ప్రకటించారు. మొవ్వుకుళ్ళుకు ముఖ్యవాహకం థ్రిప్స్ పామి అనే మరొక జాతి అని తేలింది. కార్నీ అనే శాస్త్రజ్ఞుడు 1925లో సుమత్రా దీవినుంచి వర్ణించిన లేతపసుపు రంగు పురుగు అది. 1995లో ప్రకటించిన ప్రయోగాలు దీనిని బలపరిచాయి. ఈలోగా 1992లో వైరసు పేరు కూడ మారింది. అది టమాటా వైరసు కాదని, దానికి దగ్గరి చుట్టమైన వేరొక వైరసని తేలి, మొవ్వుకుళ్ళు వైరసు అనే సొంతపేరు పొందింది. పదమూడేళ్ళలో పురుగు పేరు, వైరసు పేరు రెండూ మారాయి.

పేరు మారితే ఏమయింది? వాహకం పెరిగే చోటు మారితే నివారణ కూడ మారుతుంది. ముఖ్యవాహకం వేరుశనగమీదనే పుట్టి పెరిగేదయితే ఆ చేనిమీద మందు చల్లడం న్యాయమే. కాని థ్రిప్స్ పామి కలుపుమొక్కలమీద, ఇతర పంటలమీద పుట్టి, పిల్లదశలోనే వైరసును తెచ్చుకొని, రెక్కలు వచ్చిన తర్వాత గాలితోపాటు వేరుశనగ చేనిలో దిగుతుంది. చేనిలో దిగేటప్పటికే అది రోగాన్ని మోస్తున్నది. మందు దానిని చంపేలోగా అది పని ముగిస్తుంది. అందువల్ల అదనులో ముందుగా విత్తడం, మొక్కలు పలచబడకుండా దగ్గరగా విత్తడం, సజ్జవంటి పైరును మధ్య వరుసలుగా వేయడం మొదలయిన పద్ధతులకు ప్రాధాన్యం వచ్చింది. మందుసీసాకు పెట్టే డబ్బు మిగిలించగల సలహా ఇది. దీనికి మూలం ఒక మిల్లీమీటరు పురుగు తలమీది వెంట్రుకలను సరిగా చదవడమే.

అనంతపురం హెచ్చరిక

2000 సంవత్సరం వానకారులో అనంతపురం జిల్లాలో వేరుశనగ హఠాత్తుగా ఎండిపోయింది. సుమారు 2,25,000 హెక్టార్లలో తెగులు వ్యాపించిందని, నష్టం 300 కోట్ల రూపాయలు మించిందని అంచనా. మొదట చూచినవారికి అది మొవ్వుకుళ్ళువలెనే తోచింది. ఆకులమీద మచ్చలు, ఎండిన మొవ్వు, చేనిలో తామరపురుగులు అన్నీ సరిపోయాయి. పరీక్షలు జరిపితే అది వేరే వైరసని, పొగాకు చారల వైరసు అని తెలిసింది. అదే వైరసు ప్రొద్దుతిరుగుడును కూడ పాడుచేస్తున్నది. ఈ తెగులుకు కాండంకుళ్ళు అని పేరు వచ్చింది. మొవ్వుకుళ్ళు సోకిన మొక్క గిడసబారి ప్రక్కకొమ్మలు వేస్తుంది. కాండంకుళ్ళు సోకిన లేతమొక్క పూర్తిగా చనిపోతుంది.

ఈ వైరసు తామరపురుగు దేహంలో పెరగదు. వయ్యారిభామ మొదలయిన మొక్కల పుప్పొడిలో ఉండి, పువ్వులలో తిరిగే తామరపురుగుల ఒంటికి అంటుకొని వస్తుంది. పురుగు ఆకును గీకినప్పుడు ఆ గాయంలో పుప్పొడినుంచి వైరసు ప్రవేశిస్తుంది. ఇక్కడ పురుగు జాతిపేరుకంటె కలుపుమొక్క పేరు ముఖ్యం. చేనిచుట్టూ వయ్యారిభామను పూతకు రాకముందే పీకివేయడం మొదటి జాగ్రత్త. ఒకే పంటలో, ఒకే రకపు పురుగులతో వచ్చిన రెండు తెగుళ్ళకు రెండు వేరువేరు మార్గాలు కావలసివచ్చాయి.

క్రొత్త అతిథులు

ఈ చిక్కు పాతకాలపుది మాత్రమే కాదు. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో మొక్కజొన్నమీద ఒక లద్దెపురుగు కనబడింది. అమెరికా ఖండాలకు చెందినది, 2016లో ఆఫ్రికాలో ప్రవేశించినది అయిన కత్తెరపురుగే అది. కొద్ది నెలలలోనే ఆంధ్ర, తెలంగాణ పొలాలకు వచ్చింది. మనకు చిరకాలంగా తెలిసిన పొగాకు లద్దెపురుగుకు ఇది దగ్గరి చుట్టం. రెండూ స్పోడాప్టెరా ప్రజాతివే. కొంత పెరిగిన కత్తెరపురుగు తలమీద తలక్రిందులైన ఆంగ్లాక్షరం ‘వై’ వంటి గీత, ఎనిమిదవ ఉదరఖండంమీద చతురస్రంగా నాలుగు నల్లచుక్కలు స్పష్టంగా కనబడతాయి. గ్రుడ్డునుంచి అప్పుడే వచ్చిన పిల్లలో ఇవి స్పష్టంగా ఉండవు. అదుపుచేయడం సులభమయిన దశ కూడ అదే. గుర్తు తేటపడేసరికి పురుగు మొక్కజొన్న సుడిలో దూరి దాగుతుంది.

2021లో గుంటూరు ప్రాంతపు మిరపతోటలను పీడించిన నల్లతామరపురుగు కథ కూడ ఇట్టిదే. పెద్దపురుగు నల్లగా పువ్వులలో కనబడుతుంది గనుక పాత తామరపురుగు కాదని త్వరగానే తెలుస్తుంది. దాని పిల్లలు మాత్రం పాతవాటివలెనే లేతపసుపు రంగులో ఉంటాయి.

జన్యుపదార్థం చెప్పే సాక్ష్యం

2003లో కెనడా శాస్త్రజ్ఞుడు పాల్ హెబర్ట్, ఆయన సహచరులు ఒక క్రొత్తదారి చూపారు. గ్రుడ్డులోను, పిల్లలోను, ప్యూపాలోను, పెద్దదానిలోను రూపం మారుతుంది గాని జన్యుపదార్థం మారదు. అందులో 650కి పైచిలుకు అక్షరాల పొడవుగల ఒక నిర్ణీతభాగాన్ని చదివితే జాతిని గుర్తించవచ్చునని వారు ప్రతిపాదించారు. ఇప్పుడు పిల్లపురుగు కాలుముక్క దొరికినా పేరు చెప్పడం చాలా సందర్భాలలో సాధ్యమవుతున్నది.

అయితే ఈ పద్ధతికి కూడ పెద్దపురుగు సాక్ష్యం కావాలి. చదివిన అక్షరాలను దేనితో పోల్చాలి? ముందుగా నిపుణుడు పెద్దపురుగును పరీక్షించి, పేరు నిర్ణయించి, దాని జన్యుపదార్థాన్ని భద్రపరచి ఉంటేనే పోలిక సాధ్యం. మొదటి పేరు తప్పయితే యంత్రం కూడ ఆ తప్పునే తిరిగి చెబుతుంది. మరొక వింత ఏమంటే, హుడ్ 1919లో పేరు పెట్టిన స్కిర్టోత్రిప్స్ డార్సాలిస్ ఒక్క జాతి కాదని, కనీసం తొమ్మిది దాగిన జాతులు ఆ పేరుక్రింద ఉన్నవని 2015లో జన్యుపరీక్షలు తెలిపాయి. పిల్లకు పేరు చెప్పబోతే పెద్దదాని పేరే ప్రశ్నగా మారింది.

పాఠశాలలో చేయదగిన పని

తిరుపతి ప్రాంతంలో వేరుశనగ, టమాటా, మామిడి పండే ఏ గ్రామపు పాఠశాలలోనైనా ఈ పాఠాన్ని చేతులతో నేర్పవచ్చును. వెడల్పు మూతిగల సీసాలో మూడు వ్రేళ్ళ మందాన తడి ఇసుక పోసి, గొంగళిని, అది తినే ఆకును వేసి, పలుచని గుడ్డ కట్టాలి. వెంట్రుకల గొంగళిని చేతితో ముట్టరాదు, దురద పుడుతుంది. ఆకు రోజూ మార్చాలి. తేదీ, ఊరు, మొక్కపేరు, రంగు, చారలు, కుబుసం విడిచిన రోజు పుస్తకంలో వ్రాయాలి.

కుబుసంతోపాటు రాలిన తలచిప్పను దాచి దాని వెడల్పు కొలిస్తే మరొక సత్యం తెలుస్తుంది. తల దశకొక్కసారి, దాదాపు ఒకే నిష్పత్తిలో పెరుగుతుందని అమెరికా శాస్త్రజ్ఞుడు డయార్ 1890లో చెప్పాడు. కొలతలను వరుసగా భాగించి చూస్తే విద్యార్థులకు ఆ నిష్పత్తి తామే దొరుకుతుంది. పురుగు ఎన్నవ దశలో ఉన్నదో తెలియకుండా రెండు పిల్లలను పోల్చడం, ఒకటవ తరగతి పిల్లవానిని పదవ తరగతివానితో నిలబెట్టి వారిద్దరు అన్నదమ్ములా అని అడగడం వంటిదే.

రెక్కలపురుగు వెలువడిన నాడు పుస్తకంలోని మొదటిపుటను, చివరిపుటను ప్రక్కప్రక్కన పెట్టి చూడాలి. రెండు సీసాలలో ఒకే తీరుగా ఉన్న పిల్లలనుంచి రెండు రకాల పెద్దపురుగులు రావచ్చును. అట్లా వస్తే ఆ పుస్తకం విలువైనదే. పిల్లరూపాన్ని, పెద్దరూపాన్ని, ఊరును, మొక్కను, తేదీని జతకూర్చిన ప్రతి నమోదు శాస్త్రానికి పనికివస్తుంది. చేనిలో పురుగు కనబడగానే పేరు చెప్పలేని చోట, ‘ఈ ప్రజాతివరకు తెలిసినది, జాతి ఇంకా తేలవలసి ఉన్నది’ అని వ్రాయడం శాస్త్రంలో గౌరవప్రదమైన సమాధానమని విద్యార్థులు ఈ పనిలోనే నేర్చుకుంటారు. తొందరపడి పెట్టిన పేరు మార్చడానికి ఎన్నేళ్ళు పట్టగలదో మన వేరుశనగ చేనే చెబుతున్నది.